నక్షత్రాలు సరే, పక్కన కూర్చునేదెవరు?

నాయనా,

మీ అమ్మగారికి తుంటి ఎముక ఆపరేషన్ బాగా జరిగిందని రాశావు, సంతోషం. ఆసుపత్రి సోషల్ వర్కర్ ఒక జాబితా చేతిలో పెట్టి రెండు మూడు రోజుల్లో ఏదో ఒక స్కిల్డ్ నర్సింగ్ కేంద్రాన్ని (ఆసుపత్రి నుంచి వచ్చాక కోలుకునేదాకా నర్సులు, థెరపిస్టులు చూసుకునే చోటు) ఎంచుకోమన్నదనీ, ప్రభుత్వ రేటింగులో అయిదు నక్షత్రాలున్నది దూరమనీ, మూడు నక్షత్రాలున్నది ఇంటికి దగ్గరనీ, ఏది మంచిదో చెప్పమనీ అడిగావు. అమెరికా వచ్చి ఏడాదైనా కాని నీకు ఇదంతా గందరగోళంగా ఉండటం సహజం. మాకు అప్పట్లో అడగడానికి ఎవరూ లేరు. ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాం, నెట్టుకొచ్చాం. అందుకని కాస్త పెద్దరికంగా మాట్లాడితే ఏమీ అనుకోకు.

డబ్బు సంగతి ముందు తేల్చేస్తాను. మీ అమ్మగారు మీ అన్నయ్య దగ్గరకు గ్రీన్ కార్డు మీద వచ్చి అయిదేళ్లు దాటింది, మెడికేర్, అంటే ఇక్కడ పెద్దవాళ్లకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, కొనుక్కున్నారు అన్నావు కనుక పరవాలేదు. అది ఈ కేంద్రానికి డబ్బివ్వాలంటే ముందు ఆసుపత్రిలో వరుసగా మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఉండి ఉండాలి. మంచం మీదే పడుకోబెట్టి ‘అబ్జర్వేషన్’ అని రాసిన రోజులు లెక్కలోకి రావు, అది ఇవాళే అడిగి తెలుసుకో. మొదటి 20 రోజులకు మెడికేర్ మొత్తం ఇస్తుంది. ఆ తర్వాత 100వ రోజు వరకు రోజువారీ వాటా మీరు కట్టాలి, 2025లో అది రోజుకు 209.50 డాలర్లు ఉండేది. మిగతా నియమాలు మెడికేర్ సైటులో ఉన్నాయి, చదువుకున్నవాడివి, చూసుకోగలవు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల సంగతి వేరు. వాళ్లకు ఇది వర్తించదు, ట్రావెల్ ఇన్సూరెన్సులు ఇలాంటి చోటికి సాధారణంగా రావు.

ఇక అసలు విషయం. మా అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, నేను ఇల్లు కొన్నట్టే నర్సింగ్ కేంద్రాన్నీ ఎంచుకున్నాను: ముఖద్వారం చూసి. లోపలికి అడుగుపెట్టగానే పియానో, చేపల తొట్టి, తాజా పూలు, వచ్చినవాళ్లకు ఉచితంగా కాఫీ. మార్కెటింగ్ చూసే ఆవిడ నవ్వుతూ వ్యాయామాల గది, తోట, క్షౌరశాల అన్నీ చూపించింది. మేము వెళ్లింది మంగళవారం ఉదయం పదకొండు గంటలకు, అదీ ముందే ఫోను చేసి. ఆ వేళకు వెళ్తే ఏ కేంద్రమైనా కళకళలాడుతూనే ఉంటుంది. డైరెక్టర్లు, థెరపిస్టులు, సోషల్ వర్కర్లు అందరూ ఉంటారు. మా ఆయన నక్షత్రాలు చూశారు, అయిదు. నేను తివాచీ చూశాను, కొత్తది. ఇద్దరం తృప్తిగా సంతకాలు పెట్టేశాం.

చేరిన కొత్తల్లో అక్కడ జ్ఞాపకశక్తి చూసే చిన్న పరీక్ష ఒకటి చేస్తారు. ‘సాక్, బ్లూ, బెడ్’ అని మూడు మాటలు చెప్పి తిరిగి చెప్పమంటారు. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఇవాళ ఏ వారం అని అడుగుతారు. కాసేపాగి ఆ మూడు మాటలూ మళ్లీ చెప్పమంటారు. మొత్తం 15 మార్కులు. 7 లేదా అంతకంటే తక్కువ వస్తే బుద్ధి బాగా మందగించినట్టు లెక్క. మా అత్తగారు తెనాలిలో ఊళ్లోవాళ్ల చిట్టీల లెక్కలన్నీ కాగితం లేకుండా నోటితో చెప్పిన మనిషి. నెల అడిగితే ఆశ్వయుజం అన్నారు. వారం అడిగితే లక్ష్మివారం అన్నారు. రెండూ సరైన జవాబులే. కాగితం మీద మాత్రం రెండూ సున్నాలే. దుబాసీని ఏర్పాటు చేయాల్సిన బాధ్యత వాళ్లదే అన్న సంగతి మాకు తెలియదు, వాళ్లు చెప్పలేదు. చేరేటప్పుడు నింపిన కాగితాల్లో ఏ భాషలో మాట్లాడతారు, దుబాసీ కావాలా అనే ప్రశ్నలు ఉన్నాయి. ‘కొంచెం ఇంగ్లీషు అర్థమవుతుంది లెండి’ అని నేనే గొప్పగా చెప్పాను.

ఒక్క కాగితం ఎంత పని చేస్తుందో చూడు. మతి సరిగా లేదని రాశారు కనుక చెప్పింది చేయలేరని థెరపిస్టు అనుకున్నాడు, నడిపించే సమయం తగ్గింది. సూపు తెస్తే ఆవిడ వాసన చూసి పక్కకు నెట్టేవారు, అది కోడి ఎముకల నీళ్లతో కాచినది మరి. ‘భోజనం నిరాకరించారు’ అని రాసుకుని పళ్లెం తీసుకుపోయేవారు. కాల్ బెల్ మీట ఎడమవైపు కట్టి ఉండేది, ఆవిడకు ఆ భుజం సరిగా లేవదు. మేము రోజూ సాయంత్రం వెళ్లేవాళ్లం, ఎలా ఉంది అత్తయ్యా అంటే ‘బాగానే ఉందమ్మా, వీళ్లంతా మంచివాళ్లే’ అనేవారు. మన పెద్దవాళ్లు ఇంతకంటే ఏం చెబుతారు? కొడుకు ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చాడు, కోడలు వంట చేసి తెచ్చింది, ఇంక ఫిర్యాదు కూడానా అనుకుంటారు. పగలంతా ఆవిడతో ఒక్క మాట మాట్లాడిన మనిషి లేడని నాకు తట్టనే లేదు. బరువు తగ్గారని జాకెట్టు వదులవడం చూసి తెలుసుకున్నాం. వారం వారం బరువు చూసి రాసే పట్టిక వాళ్ల దగ్గరే ఉంది, అడిగితే చూపిస్తారు. నువ్వు అడుగు.

నక్షత్రాలు పనికిరానివని అనడం లేదు. ఈ కేంద్రాలను పోల్చి చూపే మెడికేర్ వాళ్ల కేర్ కంపేర్ సైటులో అన్నీ కలిపిన నక్షత్రాల దగ్గరే ఆగిపోకు, విడదీసి చూడు. మూడు ముక్కలుంటాయి: తనిఖీలు, సిబ్బంది, ఫలితాల కొలమానాలు. కొలమానాల్లో చాలావరకు కేంద్రాలు తమ గురించి తాము రాసి పంపిన వివరాలే. తనిఖీలు రాష్ట్ర అధికారులు వచ్చి చేసేవి, సిబ్బంది లెక్క జీతాల రికార్డుల నుంచి తీసేది. ఆ రెండింటినే ఎక్కువగా నమ్ము. తనిఖీ నక్షత్రాలు ఆ రాష్ట్రంలోని మిగతా కేంద్రాలతో పోల్చి ఇస్తారు కనుక న్యూజెర్సీలో నాలుగు, టెక్సాస్‌లో నాలుగు ఒకటే అనుకోవద్దు. సిబ్బంది పేజీలో శని, ఆదివారాల అంకె, మానేసి వెళ్లిపోయేవాళ్ల శాతం విడిగా ఇస్తున్నారు, అవి తప్పకుండా చూడు. నెల నెలా మనుషులు మారే చోట మీ అమ్మగారి అలవాట్లు గుర్తుపెట్టుకునే వాళ్లు ఉండరు. తనిఖీ నివేదిక పూర్తిగా చదవవచ్చు. ఒక్కో లోపానికి ఎ నుంచి ఎల్ వరకు ఒక అక్షరం ఉంటుంది, జి మొదలుకొని నిజంగా హాని జరిగినట్టు, జె, కె, ఎల్ అయితే ప్రాణాపాయం. పేరు పక్కన ఎర్ర చెయ్యి గుర్తు ఉంటే, అంటే అక్కడివాళ్లను హింసించిన లోపాలు బయటపడ్డాయని, ఆ పేరు కొట్టేయి.

ఆ తర్వాత స్వయంగా వెళ్లు. ఆదివారం సాయంత్రం భోజనాల వేళకు, ఫోను చేయకుండా. చేపల తొట్టి దాటి లోపలికి నడువు. తలుపుల మీద కాల్ బెల్ దీపాలు ఎన్ని వెలుగుతున్నాయి, ఎంతసేపు వెలుగుతున్నాయి? మంచినీళ్లు చేతికి అందేట్టు ఉన్నాయా, అల్లంత దూరాన కిటికీ దగ్గరున్నాయా? నర్సుల బల్ల ముందు చక్రాల కుర్చీల్లో వరుసగా కూర్చోబెట్టి వదిలేశారా? తినలేనివాళ్లకు తినిపించే ఆయా పక్కన కూర్చుని తినిపిస్తోందా, నిలబడి టీవీ చూస్తూ చెంచా నోట్లో పెడుతోందా? నాకు ఈ ఒక్కటి చాలు, మిగతావన్నీ చెప్పేయగలను. రాత్రిపూట ఒక్కో ఆయాకు ఎంతమంది అని అడుగు. నర్సింగ్ డైరెక్టర్ అక్కడ ఎన్నాళ్లుగా ఉందో అడుగు. పుండ్లు పడకుండా ఎంతసేపటికి ఒకసారి పక్కకు తిప్పుతారో అడుగు. వాసన సంగతి నీకే తెలుస్తుంది.

మా అత్తగారిని చివరికి అక్కడి నుంచి మార్చాం. మారడం మన హక్కు, మెడికేర్ రోజులు ఎక్కడ ఆగాయో అక్కడి నుంచే లెక్క సాగుతుంది. రెండో కేంద్రానికి మూడే నక్షత్రాలు. తివాచీ వెలిసిపోయింది, పియానో లేదు. కానీ ఘానా నుంచి వచ్చిన ఒక ఆయా అక్కడ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. మొదటి రోజే నన్ను పక్కకు పిలిచి, ఈవిడకు నొప్పి, నీళ్లు, చలి, బాత్రూం మీ భాషలో ఎలా చెబుతారో రాసిమ్మంది. నేను ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా రాసిస్తే మంచం తలవైపు అంటించింది. వారం తిరిగేసరికి ‘తిన్నారా అమ్మా’ అని అడగడం మొదలుపెట్టింది. పరీక్ష మళ్లీ ఫోనులో దుబాసీని పెట్టి చేయమన్నాం, చేశారు. ఈసారి ఆవిడ మార్కులు చూసి మా ఆయన కంటే ఎక్కువే వచ్చి ఉంటాయని నవ్వుకున్నాం. ఆవిడ ఆ తర్వాత వాకర్‌తో ఇంటికి నడిచి వచ్చారు.

నీ ప్రశ్నల్లో మందుల గురించీ, ఫిజియోథెరపీ గంటల గురించీ కూడా ఉన్నాయి. వాటికి డాక్టర్లున్నారు. నా ధ్యాసంతా మీ అమ్మగారు పగలు ఎవరితో మాట్లాడతారన్నదాని మీదే ఉంది. మీ అన్నయ్య డల్లాస్‌లో, నువ్వు ఆఫీసులో. గుడిలో, మీ ఊరి తెలుగు సంఘంలో మాట వెయ్యి, మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే ఆడవాళ్లు, రిటైరైన పెద్దవాళ్లు ఉంటారు, వంతులు వేసుకుని వస్తారు. సిగ్గుపడకు, మేము సిగ్గుపడే ఆలస్యం చేశాం. టాబ్లెట్‌కు ఒక స్టాండు కొని మంచం పక్కన బిగించు. వేసవిలో ఇక్కడ రాత్రి ఎనిమిదైతే ఇండియాలో తెల్లవారుజామున అయిదున్నర, మీ అమ్మగారి చెల్లెళ్లు అప్పటికే లేచి ముగ్గులు వేస్తుంటారు. న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల మన శాకాహారం వండిపెట్టే కేంద్రాలు కొన్ని ఉన్నాయి, జాబితాలో లేకపోయినా ఫోను చేసి ఖాళీ కనుక్కో. ఇంటికి దగ్గరా దూరమా అంటే, నక్షత్రాల్లో మరీ తేడా లేనప్పుడు నేనైతే దగ్గరిదే అంటాను. పావుగంట దూరమైతే ఆఫీసుకు వెళ్లేముందు కాఫీ ఇచ్చి పోగలవు, ముప్పావు గంటైతే శనివారం దాకా పోవు.

కాగితాల దగ్గర రెండు మాటలు. ‘బాధ్యుడు’ అన్న చోట నీ సొంత డబ్బుకు హామీగా సంతకం పెట్టకు, చేర్చుకోవడానికి అలాంటి హామీ అడిగే అధికారం వాళ్లకు లేదు. గొడవ వస్తే కోర్టుకు వెళ్లనని రాసిచ్చే మధ్యవర్తిత్వ ఒప్పందం కూడా తప్పనిసరి కాదు. చేరిన 48 గంటల్లో తొలి సంరక్షణ ప్రణాళిక తయారవ్వాలి, అందులో తెలుగు, శాకాహారం, ఎడమ భుజమో కుడి భుజమో అన్నీ రాయించు. ‘ఇక మెరుగుపడటం లేదు కనుక మెడికేర్ ఆగిపోతుంది’ అంటే తలూపి ఊరుకోకు, మెరుగుదల తప్పనిసరి కాదని మెడికేర్ మీద వేసిన జిమ్మో కేసులో 2013లో కుదిరిన ఒప్పందంలోనే తేలింది. ఆపేముందు రెండు రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి, సేవ ఆగే తేదీకి ముందురోజు మధ్యాహ్నం పన్నెండు లోగా అందులోని నంబరుకు ఫోను చేసి అప్పీలు చెయ్యవచ్చు. ఏదైనా మాట వినకపోతే ప్రతి రాష్ట్రంలోనూ నర్సింగ్ కేంద్రాలకు ఆంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు విని మన తరఫున మాట్లాడేవారు, ఉంటారు, నంబరు గోడ మీదే అంటించి ఉంటుంది, ఖర్చేమీ లేదు.

ఆదివారం ఆ మూడు నక్షత్రాల చోటికి వెళ్లి ఏం చూశావో రాయి. ఆవకాయ మాత్రం డైటీషియన్‌ను అడగకుండా తీసుకెళ్లకు. మా అత్తగారి దిండు కింద సీసా దొరికి, బీపీ ఎందుకు పెరుగుతోందో తెలియక తలలు పట్టుకున్న నర్సులు నాకు పెద్ద క్లాసే తీసుకున్నారు.