పాత కుర్చీలు కొనుక్కోండి, పెట్టుబడి లెక్కలో మాత్రం రాయకండి

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ప్రభుత్వ ఉపాధ్యాయినిని. పదవీ విరమణకు ఇంకా 4 ఏళ్లు ఉంది. చేతికి 78,000 జీతం వస్తుంది. ఇంటి ఖర్చు 45,000, ఇంటి రుణం వాయిదా 14,000. అత్యవసరాలకు విడిగా 1,50,000 ఉంచాను. 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఈ నెలలో గడువు తీరింది. ఒక పాత ఫర్నిచర్ దుకాణంలో 120 ఏళ్ల నాటివని చెప్పే బర్మా టేకు భోజనాల కుర్చీలు 6, ఏనుగు దంతం పొదిగిన చేతుల కుర్చీ 1 చూశాను. ఆరింటికి 2,10,000, దంతపు కుర్చీకి 70,000 అడుగుతున్నారు. అయిదేళ్లలో ధర రెట్టింపవుతుందని, మొత్తం నగదుగా ఇస్తే 20,000 తగ్గిస్తామని చెబుతున్నారు. ఇది మంచి పెట్టుబడేనా? అమెరికాలో ఉన్న మా అబ్బాయి రెండు కుర్చీలు తీసుకెళ్తానంటున్నాడు. మా తాతగారి పడక కుర్చీ ఒకటి పేము తెగి అటక మీద ఉంది.

జవాబు: నమస్కారం అమ్మా. మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ కుర్చీలు పెట్టుబడి అవుతాయా అంటే, కావు. ఇంట్లో వేసుకొని ఇరవై ముప్పై ఏళ్లు కూర్చోవడానికి పాత కుర్చీలు కొనదగినవేనా అంటే, ఏరుకొని, స్తోమతుకు లోబడి కొంటే తప్పకుండా కొనదగినవే; ఇప్పుడు షోరూముల్లో దొరికే చాలా కుర్చీలకు లేని గట్టిదనం వాటిలో ఉంటుంది. అయితే ఈ డబ్బును పెట్టుబడిగా కాక ఖర్చు పద్దులో రాసుకోవాలి. నా సలహా అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

రెట్టింపు అన్న మాటను ముందు అంకెల్లో చూద్దాం. 2,80,000 రూపాయలను 7 శాతం చక్రవడ్డీకి వేస్తే అయిదేళ్లకు సుమారు 3,92,700 అవుతుంది. కుర్చీలు కూడా మీకు అంతే తెచ్చిపెట్టాలంటే దుకాణంలో వాటి ధర ఆ మొత్తానికి చేరితే సరిపోదు, ఎందుకంటే మీరు కొనేది దుకాణదారు అమ్మే ధరకు, తిరిగి అమ్మేటప్పుడు మీకు దక్కేది ఆయన కొనే ధర. అద్దె, మరమ్మతు, లాభం అన్నీ కలిపి ఆయన 40 శాతం ఉంచుకుంటాడనుకుంటే, ధర నిజంగానే రెట్టింపై 5,60,000కు చేరినా మీ చేతికి వచ్చేది 3,36,000 మాత్రమే. బ్యాంకు వడ్డీతో సమానం కావాలంటే ఆ కుర్చీలు దుకాణంలో 6,54,500 పలకాలి. అంటే అయిదేళ్లూ ఏటా 18 శాతానికి పైగా పెరగాలి. ఆ రోజు కొనేవారు దొరకడం, ఈలోగా చెద పట్టకపోవడం, కాళ్లు వదులు కాకపోవడం ఈ లెక్కలో చేరనే లేదు.

పాతబడిన కొద్దీ ధర పెరుగుతుందన్న నమ్మకం కూడా నిలిచేది కాదు. బ్రిటన్‌లో ఒకప్పుడు ఎంతో గిరాకీ ఉన్న 18, 19 శతాబ్దాల మహాగని ఫర్నిచర్ ధరలు 2000 తర్వాత బాగా పడిపోయాయి. ఇళ్లు చిన్నవై, అభిరుచులు మారి, బరువైన ముదురు రంగు సామాను అడిగేవారు తగ్గారు. దీనికి భిన్నంగా, 1950ల్లో చండీగఢ్ ప్రభుత్వ కార్యాలయాల కోసం పియరీ జెనెరే రూపకల్పనలో తయారైన టేకు, పేము కుర్చీలు విదేశీ వేలాల్లో లక్షల రూపాయలు పలికాయి. వాటి వయసు నూరేళ్లు కూడా లేదు. రూపకర్త ఎవరో, ఏ భవనం కోసం చేశారో తెలియడం, కొన్నింటి మీద కార్యాలయపు గుర్తింపు అంకెలు కూడా మిగిలి ఉండడం వల్ల వాటికి ఆ విలువ వచ్చింది. మీరు చూసిన ఆరు కుర్చీలకు దుకాణదారు నోటిమాట తప్ప మరో ఆధారం లేదు.

ఇక దంతపు కుర్చీ సంగతి. ఈ విషయంలో మీ ఊరికి ఉన్న చరిత్ర చిన్నది కాదు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివారు ఆంగ్లేయుల కోసం వారి నమూనాల్లోనే కుర్చీలు, పెట్టెలు, బల్లలు చేసి, దంతపు రేకుల మీద సన్నని లతలు చెక్కి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపేవారు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గరున్న అలాంటి కుర్చీలను ఇంగ్లండు రాజు మూడవ జార్జి 1781లో రాణి షార్లెట్ కోసం కొన్నాడు; అవి నేటికీ అక్కడి రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. ఆ పనితనాన్ని తలచుకుంటే నాకూ మనసు ఉప్పొంగుతుంది. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో ఏనుగు దంతం వ్యాపారం నిషిద్ధం. దుకాణదారు చెప్పింది నిజమైతే ఆ కుర్చీ కొనడం మిమ్మల్ని నేరంలోకి దింపుతుంది; ఒంటె ఎముకో ప్లాస్టిక్కో అయితే 70,000 ధర అబద్ధం మీద నిలబడి ఉంది. ఎలా చూసినా దానిని వదిలేయవలసిందే.

120 ఏళ్లు అన్న మాట కూడా మీకు ఇబ్బందే తెస్తుంది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చేతిపని వస్తువును పురావస్తువుగా పరిగణించే అవకాశం ఉంది, అలాంటి దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. నూరేళ్లు నిండనిదైతే, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకుని పంపడం క్షేమం. కాబట్టి మీ అబ్బాయి కోసం అని ఈ కుర్చీల్లో వేటినీ లెక్కలో పెట్టుకోకండి. దుకాణాల్లో ధారాళంగా వాడే వింటేజ్ అన్న మాటకు మాత్రం చట్టంలో ఏ అర్థమూ లేదు; అంతగా పాతవి కాని, మంచి రోజుల్లో చేసిన సామాను అని దాని భావం.

పన్ను విషయంలో చట్టమే కుర్చీని కట్టుబట్టల సరసన ఉంచింది. సొంత వాడకంలో ఉన్న ఫర్నిచర్ మూలధన ఆస్తి కాదు గనుక, అమ్మితే వచ్చే లాభంపై మూలధన లాభాల పన్ను ఉండదు, నష్టం వస్తే దానిని చూపించుకునే వీలూ ఉండదు. నగదు బేరానికి మాత్రం ఒప్పుకోకండి. ఒకే లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు స్వీకరించడం చట్టవిరుద్ధం, జరిమానా తీసుకున్నవారికి పడుతుంది. మీకు కలిగే నష్టం ఏమిటంటే, బిల్లు లేని కుర్చీ గురించి రేపు ఏ ఫిర్యాదూ నిలబడదు. బిల్లులో కర్ర పేరు, సుమారు కాలం, జరిగిన మరమ్మతులు, తిరిగి తీసుకునే గడువు రాయించండి. నూటఇరవై ఏళ్లని నోటితో అన్నవారు దానిని కాగితం మీద పెట్టడానికి సంకోచిస్తే మీకు కావలసిన సమాధానం దొరికినట్టే.

మీ 4 లక్షలను నేనైతే ఇలా పంచుతాను. ఇంటి ఖర్చు 45,000 కాబట్టి ఆరు నెలలకు 2,70,000 చేతిలో ఉండాలి. మీ దగ్గర 1,50,000 ఉంది గనుక 1,20,000 అందులో చేర్చండి. 1,80,000ను పదవీ విరమణ నాటికి గడువు తీరేలా మళ్లీ డిపాజిట్ చేయండి, ఎందుకంటే ఇంటి రుణం అప్పటికి ఎంత మిగిలి ఉన్నా దానిని తగ్గించడానికి ఆ సొమ్ము పనికొస్తుంది. మిగిలిన 1,00,000 మీ కుర్చీలకు, మరమ్మతులు, రవాణా, పేము అల్లిక అన్నీ అందులోనే. ఇంతకాలం పొదుపు చేసిన మనిషి తనకు నచ్చిన కుర్చీలకు లక్ష రూపాయలు పెట్టడం దుబారా అని నేను అనను. వాయిదాల మీద గానీ వ్యక్తిగత రుణం తీసుకుని గానీ ఈ మొత్తాన్ని పెంచకండి.

ఇప్పుడు ఏరుకోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఎక్కువగా ఇక్కడే. దుకాణంలో కుర్చీని నిలబెట్టి చూడకండి, బోర్లించి చూడండి. కొన్నేళ్ల కిందట నేను ఒక దుకాణంలో నాలుగు కుర్చీలు పైపై మెరుపు చూసి కొన్నాను. ఆ వానాకాలం రోజూ ఉదయాన్నే రెండింటి వెనక కాళ్ల కింద గోధుమపిండి లాంటి పొడి చిన్న కుప్పగా కనిపించేది. వడ్రంగి వచ్చి వేలి కణుపుతో కొట్టి చూస్తే డొల్ల చప్పుడు వచ్చింది, స్క్రూడ్రైవరు మొన ఆనించగానే లప్పం ఊడి లోపల సొరంగాలు బయటపడ్డాయి. టేకు చేవకు పుచ్చు పట్టడం అరుదు. అంచున తెల్లగా ఉండే లేత చెక్కకు పడుతుంది, రంగు పూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే రంగు పూయని అడుగు భాగమే మీకు నిజం చెబుతుంది.

అడుగున చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. తల మీద ప్లస్ గుర్తు ఆకారపు గాడి ఉన్న స్క్రూలు 1930ల తర్వాతే వచ్చాయి, కాబట్టి 120 ఏళ్ల నాటి కుర్చీలో అవి ఉంటే కనీసం మరమ్మతు జరిగినట్టు, అన్ని అతుకుల్లోనూ అవే ఉంటే కుర్చీయే కొత్తదైనట్టు అనుకోవచ్చు. కాళ్ల మధ్య అడ్డకర్ర మీద పాదాలు ఆనే చోట, చేతులు ఆనించే చోట అరుగుదల సహజంగా ఉండాలి. అన్ని వైపులా సమానంగా అరిగి ఉంటే అది గరుకు కాగితంతో చేసిన అరుగుదల. తరిమెన (లేత్) మీద తిప్పి గుండ్రంగా తీర్చిన కాలు, దశాబ్దాలు గడిచాక కర్ర ఒక దిక్కున ఎక్కువగా కుంచించుకుపోవడం వల్ల కొద్దిగా కోలగా మారుతుంది, కొలిచి చూస్తే తేడా తెలుస్తుంది. పేము అల్లిక ఉన్న కుర్చీలో చట్రం చుట్టూ వరుసగా చిన్న రంధ్రాలుండి, వాటిలోంచి పేము తీగ దిగి ఉంటే చేతి అల్లిక. చట్రంలో గాడి తీసి, తయారైన పేము చాపను అందులో నొక్కి బిగించి ఉంటే అది యంత్రపు అల్లిక. రెండోది చెడ్డదని కాదు, ధర మాత్రం తక్కువ ఉండాలి.

ఆరు కుర్చీల సెట్టు అన్నప్పుడు ఆరింటినీ విడివిడిగా పరీక్షించండి. నాలుగు పాతవి ఉండి, వాటికి జతగా రెండింటిని కొత్తగా చేయించి కలపడం సాధారణం. బరువులో, కర్ర చారల్లో ఆ తేడా తెలుస్తుంది. ఆ తర్వాత ఒక్కో కుర్చీలో పది నిమిషాలు కూర్చోండి. భోజనాల బల్ల సుమారు 30 అంగుళాల ఎత్తుంటే కూర్చునే పీట 18 అంగుళాల దగ్గర ఉండాలి. మరీ కిందికి ఉంటే కొన్నేళ్లకు మోకాళ్ల నొప్పితో లేవలేక, ఆ అందమైన కుర్చీ మూలన పడుతుంది.

లక్ష రూపాయలకు ఆరు రావు. దుకాణదారు విడిగా ఇస్తే, పరీక్షలో నిలిచిన రెండు కుర్చీలకు బేరం ఆడండి. లేదా 1950, 60ల నాటి టేకు కుర్చీల వైపు చూడండి. అవి యాంటిక్ కావు గనుక ధర అందుబాటులో ఉంటుంది, కట్టుబడి ఎంతో గట్టిది. ప్రభుత్వ కార్యాలయాలు, కళాశాలలు వాడకం నుంచి తీసేసిన సామాను వేలం వేసేటప్పుడు అలాంటివి కట్టెల ధరకు పోవడం నేను చూశాను. 1859లో వియన్నాలో థోనెట్ అనే ఫర్నిచర్ తయారీదారు రూపొందించిన నమూనాలో, కర్రను ఆవిరితో వంచి చేసిన హోటలు కుర్చీలు చూడముచ్చటగా ఉంటాయి కానీ, అవి బీచ్ కర్రవి. దానికి పురుగు తేలిగ్గా పడుతుంది, సముద్రపు తేమ ఉన్న మీ ఊరికి నేను సిఫారసు చేయను.

వీటన్నిటికంటే ముందు, మీ తాతగారి పడక కుర్చీని అటక మీది నుంచి దింపించండి. పేము కేవలం సాగి ఉంటే, అడుగు వైపు వేడినీటి గుడ్డతో తడిపి నీడన ఆరబెడితే బిగుసుకుంటుంది. మీరు రాసినట్టు తెగి ఉంటే మళ్లీ అల్లించవలసిందే. వడ్రంగి చేత అతుకులు, పేము పనివారి చేత అల్లిక, రెండింటికీ విడివిడిగా అంచనా రాయించుకోండి. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు కూర్చున్నారో మీకు ఖచ్చితంగా తెలిసిన పాత కుర్చీ అదొక్కటే, కర్రకు మీరు ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు. ఆ కుర్చీ సిద్ధమై మీ వరండాలోకి చేరాక, ఇంకా ఎన్ని కావాలో, లక్షలో ఎంత మిగిలిందో చూసుకొని దుకాణానికి వెళ్లండి. అప్పటివరకు అడ్వాన్సు ఇవ్వకండి.