పాత డెస్క్‌టాప్ ఆన్ కాకపోతే ముందు బటన్‌ని అనుమానించండి

మీరు అడిగింది: పదేళ్ల డెస్క్‌టాప్, నిన్న రాత్రి వరకు బాగానే ఉంది, పొద్దున బటన్ నొక్కితే లైటు లేదు, ఫ్యాన్ తిరగదు, మదర్‌బోర్డ్ పోయినట్టేనా, కొత్తది కొనాలా అని.

కొనకండి. కనీసం ఈ వారం కొనకండి. నిన్నటి దాకా నడిచిన మెషీన్ ఇవాళ ఒక్కసారిగా మూగబోయిందంటే నేను అన్నిటికంటే చివర అనుమానించేది మదర్‌బోర్డునే.

మా నాన్న ఇంటి లెక్కలన్నీ ఒక పాత డెస్క్‌టాప్‌లోనే రాసుకుంటారు. మూడేళ్ల క్రితం అది సరిగ్గా మీరు చెప్పినట్టే ఆగిపోయింది. రిపేరు చేసే అతను వచ్చి మూత తీశాడు, రెండుసార్లు బటన్ నొక్కాడు, "బోర్డు పోయింది సార్, ఇంత పాతదానికి బోర్డు దొరకదు" అన్నాడు. వోల్టేజీ కొలిచే మీటర్ బ్యాగులోంచి బయటికి కూడా తీయలేదు. నాన్న ఏమీ అనలేదు. అతను వెళ్లాక కీబోర్డు మీద గుడ్డ కప్పేశారు. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు.

ఆ రాత్రే క్యాబినెట్ విప్పాను. బోర్డు మీద ఒక మూల చిన్న ఆకుపచ్చ లైటు వెలుగుతూ ఉంది. కంప్యూటర్ ఆపి ఉన్నా, ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకి కరెంటు అందించే డబ్బా) ఊదారంగు వైరు మీదుగా బోర్డుకి 5 వోల్టులు పంపుతూనే ఉంటుంది. దీన్నే స్టాండ్‌బై అంటారు. బటన్ నొక్కిన సంగతి బోర్డుకి తెలిసేది ఆ కరెంటు ఉండబట్టే. ఆ లైటు చూడగానే నా టెన్షన్ సగం తగ్గింది.

తర్వాత ప్లగ్ తీసేసి, బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కనెక్టర్ ఊడదీశాను. అందులోని వైర్లలో ఆకుపచ్చది ఒక్కటే ఉంటుంది. బోర్డు లేకుండానే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతుందో లేదో చూడటానికి దాన్నీ పక్కనున్న నల్ల వైరునీ వంచిన పేపర్ క్లిప్‌తో కలిపాను. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు లోడు లేకపోతే ఆన్ కావు కాబట్టి ఒక పాత హార్డ్‌డిస్క్ తగిలించి, అప్పుడు ప్లగ్ పెట్టాను. ఫ్యాన్ తిరిగింది. మీటర్ పెడితే పసుపు వైరులో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులకి దగ్గరగానే ఉన్నాయి. 5 శాతం అటూఇటూ ఉన్నా పర్వాలేదు. అంటే ఎస్‌ఎంపీఎస్ బతికే ఉంది.

ప్లగ్ తీసి అన్నీ మళ్లీ తగిలించాను. ఇక మిగిలింది ముందువైపు బటన్ నుంచి వచ్చే సన్నటి వైర్లు. బోర్డు కింది మూలలో పవర్ స్విచ్ అని రాసి ఉన్న రెండు పిన్నుల మీంచి ఆ వైరు లాగేసి, ప్లగ్ పెట్టి, స్క్రూడ్రైవర్ కొనతో రెండు పిన్నుల్నీ ఒక్క క్షణం కలిపాను. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, ఒక బీప్ వచ్చింది, స్క్రీన్ వెలిగింది. పోయింది బోర్డు కాదు, బటన్! ఏళ్ల తరబడి నొక్కి నొక్కి లోపలి కాంటాక్టు అరిగిపోయింది. రీసెట్ బటన్ వైరు తీసి పవర్ స్విచ్ పిన్నులకి పెట్టాను. ఇవాళ్టికీ నాన్న రీసెట్ బటన్ నొక్కే ఆన్ చేస్తున్నారు. కనిపించడానికి దాని మీద ఎర్ర స్టిక్కర్ అంటించుకున్నారు.

మీటర్ పెట్టకుండా "బోర్డు పోయింది" అనేవాళ్లంటే నాకు అప్పటినుంచీ ఒళ్లు మంట. ఇంకో మాట కూడా ఊరికే అనేస్తుంటారు, పాత బోర్డు కదా కెపాసిటర్లు (బోర్డు మీద నిలబడి ఉండే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) ఉబ్బిపోయి ఉంటాయని. 2000 తర్వాత కొన్నేళ్లలో తయారైన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు నిజంగానే కుప్పలుగా పోయాయి. మీది ఆ కాలం బోర్డు కాదు. అయినా మూత తీసినప్పుడు ఒకసారి చూడండి. పైభాగం బల్లపరుపుగా ఉంటే బాగున్నట్టే, ఉబ్బినా కారినా అది వేరే కథ. కొన్ని కంపెనీల మెషీన్లలో కనెక్టర్లూ పిన్నుల వరసా మామూలు వాటిలా ఉండవు, అక్కడ పేపర్ క్లిప్ జోలికి పోకండి. అందరికీ ఒకే కనెక్టర్ ఉండగా సొంత రకం ఎందుకు పెడతారో నాకు ఎప్పటికీ అర్థం కాదు. కొనుక్కున్నవాడు తన మెషీన్ తను బాగుచేసుకోకూడదా?

మీరు చేయాల్సింది ఇది. ముందు ఎక్స్‌టెన్షన్ బాక్స్ వదిలేసి నేరుగా గోడ ప్లగ్‌కి పెట్టండి, కేబుల్ మార్చి చూడండి, ఎస్‌ఎంపీఎస్ వెనక చిన్న స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత ప్లగ్ పీకి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టండి. బోర్డు మీదున్న గుండ్రటి సీఆర్ 2032 సెల్ ఎప్పుడూ మార్చకపోతే మార్చేయండి, అది పూర్తిగా అయిపోతే కొన్ని బోర్డులు మొండికేస్తాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్ తీసినా లోపల షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

మీ ఫైళ్ల గురించి బెంగ వద్దు. కరెంటు అందక ఆగిన మెషీన్‌లో హార్డ్‌డిస్క్ మామూలుగా భద్రంగానే ఉంటుంది, తీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే అన్నీ కనిపిస్తాయి. ముందు మూత తీసి బోర్డు మీద లైటు ఉందో లేదో చెప్పండి. ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఆ రెండు పిన్నులు, లేకపోతే వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడటం. బోర్డు మూలలో ప్రాసెసర్‌కి కరెంటు అందించే 4 లేక 8 పిన్నుల కనెక్టర్ కూడా ఒకసారి నొక్కి చూడండి.