పరుగుకు వెళ్లే మేనకోడలికి: ఏది ఆహారం, ఏది డోపింగ్

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఏది తీసుకుంటే పోషణ, ఏది తీసుకుంటే డోపింగ్, అంటే ఆటల్లో నిషేధించిన మందులూ పద్ధతులూ వాడడం, అని అడిగావు. పదార్థం పేరు ఒక్కటే చూస్తే సరిపోదు. ఎంత, ఎప్పుడు, ఏ దారిన ఒంట్లోకి వెళ్లిందన్నది కూడా డోపింగ్ నిరోధక నియమాలు చూస్తాయి.

ముందు సెలైన్ సంగతి. ఎండకు నీరసించగానే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి ఒక బాటిల్ ఎక్కించుకోవడం మన ఊళ్లలో మామూలే. అదే ఉప్పూ గ్లూకోజూ ఓఆర్‌ఎస్‌గా ఎన్ని గ్లాసులు తాగినా నిన్నెవరూ తప్పుపట్టరు. సూది ద్వారా 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు మించితే మాత్రం, ఒట్టి ఉప్పునీరైనా సరే, అది నిషిద్ధ పద్ధతి. అలా ఎక్కించిన ద్రవం రక్తాన్ని పలచన చేసి వేరే మోసాన్ని కప్పిపుచ్చగలదు గనుకనే ఈ నిబంధన పెట్టారు. ఆసుపత్రి చికిత్సలో భాగమైతే మినహాయింపు ఉంది, లాడ్జి గదిలో మేకుకు వేలాడదీసిన బాటిల్‌కు లేదు. ఫ్రెంచ్ ఫుట్‌బాల్ ఆటగాడు సమీర్ నస్రీ 2016లో అర లీటరు విటమిన్ల ద్రవం ఎక్కించుకున్నందుకు చివరికి 18 నెలల నిషేధం అనుభవించాడు.

దగ్గు మందు విషయంలోనూ జాగ్రత్త. మన మెడికల్ షాపుల్లో దొరికే కొన్ని సిరప్‌లలో టెర్బుటలిన్ అనే నిషిద్ధ మందు ఉంటుంది. 2019లో క్రికెటర్ పృథ్వీ షాకు 8 నెలల నిషేధం పడింది దానివల్లే. తెలియక తాగానన్న మాట శిక్షను తగ్గించవచ్చేమో గానీ తప్పును చెరిపేయదు, అది నాకు కఠినంగానే అనిపిస్తుంది. నిజంగా జబ్బు చేస్తే, నువ్వు క్రీడాకారిణివని డాక్టరుకు ముందే చెప్పు.

వే ప్రొటీన్, క్రియాటిన్ నిషిద్ధం కావు. కాఫీలోని కెఫీన్‌ను కూడా 2004లో నిషిద్ధ పదార్థాల జాబితా నుంచి తీసేశారు. భయమల్లా సప్లిమెంట్ డబ్బాతోనే: మిథైల్‌హెక్సనమిన్ అనే నిషిద్ధ ఉత్తేజకాన్ని జెరేనియం మొక్క సారమని లేబుల్ మీద రాసి అమ్మిన కంపెనీలున్నాయి, మూలికే కదా అని నమ్మినవాళ్లు దొరికిపోయారు. కాబట్టి ప్రతి బ్యాచ్‌నూ బయటి ప్రయోగశాలలో పరీక్షించిన సరుకే కొను, బిల్లు దాచు. డోపింగ్ పరీక్షకు శాంపిల్ ఇచ్చేటప్పుడు గత 7 రోజుల్లో వాడినవన్నీ ఫారంలో రాయి. జాబితా ఏటా జనవరి 1న మారుతుంది గనుక నిరుటి ధీమా పనికిరాదు.

జిమ్ అన్నయ్య ఇచ్చాడన్న డబ్బా వెనకవైపు పట్టీ, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫొటో తీసి నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా దాని మూత తీయకు తల్లీ.

మీ మామయ్య