టెక్ సందేహాలు: ‘ఐ5’ అంటే చాలదు, మోడల్ చూడండి

ప్రశ్న: అన్నా, బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ హెచ్‌పీ ల్యాప్‌టాప్ కొన్నాను. ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి టీ తాగి వచ్చినా విండోస్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ వేయిద్దామని అనంతపురం సుభాష్ రోడ్డులో అడిగితే ‘సాటానా, ఎన్‌వీఎంఈనా?’ అన్నారు. ఏం చెప్పాలో తెలీక వచ్చేశాను. ఏది కొనాలి?
- డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: ఆ అంగడాయన మంచి ప్రశ్న అడిగాడు. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే వేగమైన డిస్క్. సాటా, ఎన్‌వీఎంఈ అంటే అది కంప్యూటర్‌తో మాట్లాడే రెండు పద్ధతులు. చాలా చోట్ల అది కూడా అడక్కుండా డబ్బా చేతిలో పెడతారు. సీలు తీశాక వెనక్కి తీసుకోమంటే ఒప్పుకోరు. అందుకే డబ్బు కట్టేముందే మీ మెషీన్ ఏదో తెలుసుకోండి.

ఐ5 ప్రాసెసర్లు 2009 నుంచి వస్తున్నాయి. ఆ పేరు చూసి డిస్క్ ఎంచుకోలేం. మూత మీదున్న ‘హెచ్‌పీ’తోనూ ఏమీ తేలదు. అడుగున స్టిక్కర్ అరిగిపోయి ఉంటే ఎఫ్‌ఎన్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కండి. చాలా హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో మోడల్, ప్రోడక్ట్ నంబర్లతో ఓ చిన్న కిటికీ వస్తుంది. రాకపోతే విండోస్ సెర్చ్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి సిస్టమ్ మోడల్, సిస్టమ్ ఎస్‌కేయూ రాసుకోండి. ఆ నంబరుతో హెచ్‌పీ సైట్‌లో వెతికితే ‘మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్’ పీడీఎఫ్ దొరుకుతుంది. ఏ డిస్క్ పడుతుందో అందులో ఉంటుంది. యూట్యూబ్ వీడియోల కన్నా నేను దాన్నే నమ్ముతాను.

తర్వాత డివైస్ మేనేజర్‌లో ‘డిస్క్ డ్రైవ్స్’ చూడండి. ఉదాహరణకు ఎస్‌టీ1000ఎల్‌ఎం035 అని ఉందనుకోండి. ఎస్‌టీ అంటే సీగేట్, 1000 అంటే జీబీలు, ఎల్‌ఎం అంటే ల్యాప్‌టాప్ సైజు. ఇది 2.5 అంగుళాలు, 7 మిల్లీమీటర్ల మందం ఉన్న సాటా డిస్క్. మీదీ ఇలాంటిదే అయితే దాని చోట్లో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ సరిగ్గా కూర్చుంటుంది.

ఎక్కువమంది మోసపోయేది ఎం.2 దగ్గరే. ఎం.2 అంటే ఆకారం. చూయింగ్ గమ్ బిళ్లలా పొడుగ్గా ఉండే ఆ కార్డు లోపల సాటా ఉండొచ్చు, ఎన్‌వీఎంఈ ఉండొచ్చు. 2280 అంటే వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు. మామూలుగా ఎన్‌వీఎంఈ కార్డుకు పళ్ల దగ్గర (స్లాట్‌లోకి దిగే అంచులో) ఒక గాటు, సాటా కార్డుకు రెండు గాట్లు ఉంటాయి. కానీ రెండు గాట్ల కార్డు ఒక గాటు స్లాట్‌లోనూ చక్కగా దిగుతుంది. స్క్రూ కూడా బిగుస్తుంది. స్లాట్‌కు సాటా లైన్ ఇవ్వకపోతే మాత్రం బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెటప్ తెరలో) ఆ డిస్క్ కనిపించదు. పట్టినంత మాత్రాన పనిచేస్తుందని అనుకోవద్దు, గైడ్‌లో స్లాట్ గురించి ఏం రాశారో చూడండి. ఎం.2 డిస్క్‌తో అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో దీనికి ఉల్టా జరుగుతుంది: 2.5 అంగుళాల డిస్క్‌కు చోటుంటుంది, దాన్ని బోర్డుకు కలిపే పలచటి కేబుల్ ఉండదు.

నా సలహా: అనుమానముంటే 2.5 అంగుళాల సాటాయే తీసుకోండి. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది, ఎన్‌వీఎంఈ వేలల్లో చదువుతుంది. అయినా బ్రౌజర్, వర్డ్ పనుల్లో మీకు కొట్టొచ్చినట్టు కనిపించేది హార్డ్ డిస్క్ పోయి ఎస్‌ఎస్‌డీ వచ్చిన తేడానే. డిస్క్ విప్పేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి. పాత డిస్క్‌ను యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టుకుంటే బ్యాకప్‌కు పనికొస్తుంది.

ప్రశ్న: మాది ఫొటో స్టూడియో. పాత అసెంబుల్డ్ సిస్టమ్, విండోస్ 7. 4 టీబీ డిస్క్ వేస్తే 2 టీబీయే చూపిస్తుందంటున్నారు, నిజమా? బంగారు అంగడి సీసీ కెమెరాల్లోంచి తీసిన 4 టీబీ డిస్క్ తక్కువకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
- ప్రొద్దుటూరు

జవాబు: వాడేసిన ఆ డిస్క్ వద్దు. సీసీ కెమెరా డిస్క్ రాత్రీ పగలూ రాస్తూనే ఉంటుంది. ఏడాదికి 8,760 గంటలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ‘పవర్ ఆన్ అవర్స్’ చూస్తే మీకే తెలుస్తుంది. పెళ్లి ఫొటోలు మళ్లీ తీయలేం. కొత్త డిస్కే కొనండి, ఇంకోదానిలో కాపీ కూడా ఉంచండి.

డిస్క్‌లో భాగాల పట్టిక రాసుకునే పద్ధతులు రెండు: పాతది ఎంబీఆర్, కొత్తది జీపీటీ. 2 టీబీ మాట ఎంబీఆర్ పద్ధతిలో నిజమే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్‌ను జీపీటీగా మార్చుకుంటే విండోస్ 7లో 4 టీబీ పూర్తిగా వస్తుంది. కాకపోతే అందులోంచే విండోస్ బూట్ కావాలంటే మదర్‌బోర్డులో యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చింది) ఉండాలి. మీరు విండోస్‌ను పాత డిస్క్‌లోనే ఉంచి, కొత్తదాన్ని ఫొటోలకు వాడుకోండి.

అసెంబుల్డ్ సిస్టమ్‌లలో సిస్టమ్ మోడల్ దగ్గర ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అని వస్తుంటుంది. అలా ఉంటే కరెంటు తీసేసి, పక్క డోరు విప్పి, మదర్‌బోర్డు మీద స్లాట్ల మధ్య అచ్చేసిన పేరు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. జీ41 (ఇంటెల్ పాత చిప్‌సెట్) బోర్డయితే సాటా వేగం 3 జీబీపీఎస్ వరకే. కొత్త డిస్క్ దాని మీద కూడా నడుస్తుంది. ఖాళీ సాటా పోర్టు, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి ఖాళీ సాటా పవర్ వైరు ఉన్నాయో లేదో అప్పుడే చూడండి. పాత ఎస్‌ఎంపీఎస్‌లో నాలుగు పిన్నుల మోలెక్స్ మాత్రమే ఉంటే కన్వర్టర్ కావాలి.

ప్రశ్న: పాపకు కొన్న చిన్న ల్యాప్‌టాప్‌లో 64 జీబీయే ఉంది. విండోస్ అప్‌డేట్‌కే చోటు చాలడం లేదు. మార్చొచ్చా?
- గృహిణి, కర్నూలు

జవాబు: 64 జీబీ అంటే చాలావరకు ఈఎంఎంసీ అనే మెమరీ చిప్ అయ్యుంటుందమ్మా. అది బోర్డుకే అతికించి ఉంటుంది, విప్పి మార్చలేం. మోడల్ నంబరుతో సర్వీస్ గైడ్ చూడండి, కొన్నింటిలో ఖాళీ ఎం.2 స్లాట్ ఉంటుంది. ఉంటే అందులో డిస్క్ వేయించి విండోస్ దానిమీదికి మార్పించండి. లేకపోతే పాప ఫైళ్లు మైక్రో ఎస్‌డీ కార్డులో పెట్టండి. అప్‌డేట్ చేసేటప్పుడు 32 జీబీ పెన్‌డ్రైవ్ తగిలించి ఉంచితే, చోటు చాలనప్పుడు విండోస్ దాన్ని తాత్కాలికంగా వాడుకోనా అని అడుగుతుంది.