రాత్రి డ్యూటీకి వెళ్లబోతున్న సుధకు

చిరంజీవి సుధకు,

పిల్లల మానసిక చికిత్సా కేంద్రంలో రాత్రి డ్యూటీకి చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఇంకొకరు ఈ పనికి వస్తున్నారని గర్వపడ్డాను. తర్వాత నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు శిక్షణలో చెబుతారు. మందు ఇచ్చేముందు పేరూ మోతాదూ ఇద్దరు సరిచూడాలి, మింగేదాకా కదలకూడదు. పిల్లలు గది మారినప్పుడల్లా తలలు లెక్కపెట్టాలి. తలుపు మూసిన గదిలో ఏ బిడ్డతోనూ ఒంటరిగా ఉండకూడదు. ఇవి నీకు ఒకసారి చెబితే చాలు.

నా బెంగంతా రాత్రి రిజిస్టరు గురించే. నేను పనిచేసిన ఒకచోట ప్రతి పదిహేను నిమిషాలకూ పిల్లలను చూసి సంతకం పెట్టాలని నియమం. ఒక తెల్లవారుజామున పదమూడేళ్ల కుర్రాడి దుప్పటి కింద దిండ్లే ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా మేడమెట్ల కింద చలికి వణుకుతూ దొరికాడు. అర్ధరాత్రి నుంచీ అక్కడే ఉన్నాడట. రిజిస్టరు తెరిస్తే ఐదు గంటల గడి దాకా 'నిద్రపోతున్నాడు' అని రాసి ఉంది. గోడ గడియారంలో అప్పటికి నాలుగున్నరే! రాసినామె చెడ్డ మనిషేమీ కాదు. ఇద్దరు చేయాల్సిన డ్యూటీ ఒక్కతే నెట్టుకొస్తోంది. ఆమెను తీసేశారు, రెండో మనిషిని మాత్రం వేయలేదు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే.

ఎలా తప్పించుకున్నావురా అంటే, "మీరు వచ్చే వేళలు మా అందరికీ తెలుసు" అన్నాడు వాడు. అందుకని గడియారం ముల్లు చూసి తిరగకు. గడువు దాటకుండా, ఒకసారి ఏడు నిమిషాలకు వెళ్లు, ఒకసారి పన్నెండుకు. గుమ్మంలోంచి తొంగిచూసి వెనుదిరిగితే కుదరదు. ముఖం కనబడాలి, ఛాతీ కదలడం కనబడాలి. చూశాకే రాయి. చూడలేకపోతే గడి ఖాళీగా వదిలి, కారణం రాయి. దానికి తిట్లు పడినా పరవాలేదు.

ఇంకొక భయం. తిరగబడిన పిల్లవాడిని బోర్లా పడేసి వీపు మీద బరువు వేస్తే ఊపిరి అందదు. "మాట్లాడుతున్నాడుగా, ఏమీ కాదు" అనేవాళ్లు ఉంటారు, నమ్మకు. ఎవరైనా అలా చేస్తుంటే పెద్దా చిన్నా చూడకుండా ఆపు. అమెరికాలో ఇలా అదిమిపట్టడం వల్లో, గదిలో బంధించడం వల్లో పదేళ్లలో 142 మంది, పిల్లలూ పెద్దలూ, చనిపోయారని హార్ట్‌ఫర్డ్ కొరాంట్ పత్రిక 1998లో బయటపెట్టింది. ఆ తర్వాత, 2000లో గానీ అక్కడి చట్టం దానికి పగ్గాలు వేయలేదు.

ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో 25వ అధికరణం చదువు. చికిత్స కోసం ఉంచిన బిడ్డ ఎలా ఉన్నాడో ఎప్పటికప్పుడు సమీక్షించాలంటుంది. చేరేముందే అడుగు: చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది? రాత్రి ఎంతమంది ఉంటారు? ఒకరు రాకపోతే బదులు ఎవరు? నీళ్లు నమిలితే ఆ ఉద్యోగం వద్దు, మీ అమ్మకు నేను నచ్చజెబుతాను.

పగలు నిద్ర మానేసి డ్యూటీకి వెళ్లావని తెలిస్తే ఊరుకోను. మొదటి రాత్రి అయ్యాక ఫోను చెయ్యి, బాగా పడుకుని లేచాకే.

మీ పెద్దమ్మ