కోబాల్ ఉద్యోగం వచ్చింది, చేర్పించమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడుపుతున్నాను. మా అబ్బాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాదిలో ఉన్నాడు. హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ వాడిని తీసుకుంటానంటోంది. పని కోబాల్ అనే కంప్యూటర్ భాషలోని ప్రోగ్రాములకు ఫైల్ హ్యాండ్లర్లు రాయడమట. అది ఎప్పుడో పాతబడిన భాష అని బంధువులు వద్దంటున్నారు. పైగా రెండేళ్లు మానకూడదనే షరతు ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: కోబాల్ రూపకల్పన 1959లోనే మొదలైంది కనుక పాత భాష అన్న మాట నిజమే. అయితే మీ అబ్బాయిని పిలిచింది పాత ప్రోగ్రాములకూ ఇప్పటి డేటాబేసులకూ నడుమ ఉండే పొరను రాయడానికి. మీ కొట్టునే తీసుకోండి. రైతు మిర్చి టిక్కీలు (బస్తాలు) దింపి వెళతాడు. సరుకు కోల్డ్ స్టోరేజీకి చేరిందా, ఎగుమతికి వెళ్లిందా అన్నది ఆయనకు పట్టదు, పట్టీ సరిగ్గా వస్తే చాలు. హ్యాండ్లర్ చేసేదీ ఇంచుమించు అదే.

కోబాల్ ప్రోగ్రాములో రీడ్, రైట్ అని రాస్తే మామూలుగా ఆ భాషతో వచ్చిన ఫైల్ వ్యవస్థే ఆ పని చేసిపెడుతుంది. మైక్రో ఫోకస్ కంపైలర్‌లో (ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనంలో) కాల్‌ఎఫ్‌హెచ్ అనే ఆదేశం ఇచ్చినా, ఉచితంగా దొరికే గ్నూకోబాల్ 3.2లో అదే పేరుగల ఆప్షన్ ఇచ్చినా, ఓపెన్ మొదలు క్లోజ్ వరకు ప్రతి ఫైలు పనీ మనం రాసిన హ్యాండ్లర్‌కు వస్తుంది. దానికి అందేవి రెండే: ఏం చేయాలో చెప్పే రెండు బైట్ల కోడ్, ఫైలు పేరు, రికార్డు పొడవు వంటి వివరాలున్న ఎఫ్‌సీడీ అనే పట్టిక. పాత ప్రోగ్రామును తిరిగి కంపైల్ చేస్తే సరిపోతుంది, తిరగరాయనక్కరలేదు.

వినడానికి తేలికగానే ఉన్నా, అసలు కష్టం చిన్న చిన్న విషయాల్లో ఉంటుంది. రికార్డులు అయిపోయినప్పుడు హ్యాండ్లర్ ఎఫ్‌సీడీలో 10 అనే స్టేటస్ పెట్టాలి. అది మరచి 00 పంపిందంటే, ఆ గుర్తు కోసం ఎదురుచూసే ప్రోగ్రాము చివరి రికార్డునే తెల్లవార్లూ చదువుతూ కూర్చుంటుంది. 20 అక్షరాల గడిలో రైతు పేరు 8 అక్షరాలే అయితే మిగిలిన 12 చోట్లా ఖాళీలు నింపాలి, కానీ సీ భాషకు అలవాటుపడినవారు అక్కడ సున్నా బైట్లు వదిలేసి, పేర్లు ఎందుకు కలవడం లేదో తెలియక తలపట్టుకుంటారు. ఇక క్వింటా ధర రూ.18,500.50 అనుకుంటే, కోబాల్ దాన్ని దశాంశ చుక్క లేకుండా 1850050గా, బైటుకు రెండేసి అంకెలు ఇరికించే కాంప్-3 పద్ధతిలో నాలుగే బైట్లలో దాస్తుంది. చుక్క ఎక్కడుందో తెలియని హ్యాండ్లర్ ఆ ధరను డేటాబేసులో నూరు రెట్లు చేసి పెడుతుంది. యార్డులో అలాంటి లెక్క వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇవన్నీ చేత్తో సరిచేసిన కుర్రవాడికి సీ భాష, మెమరీ అమరిక, డేటాబేసు లావాదేవీలు మూడూ ఒంటబడతాయి, రేపు కోబాల్ వదిలేసినా అవి పనికొస్తాయి. కోబాల్ పేరు వినగానే ముఖం ముడుచుకునే పిల్లలను విజయవాడలో రోజూ చూస్తుంటాను. వారిలో చాలామంది ఈ పని గురించి విననైనా వినలేదు. అయితే ఒక హెచ్చరిక. ఈ అనుభవం మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) నుంచి లైనక్స్‌కో విండోస్‌కో తరలించిన ప్రోగ్రాముల దగ్గర అక్కరకొస్తుంది. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీదే ఉద్యోగం కావాలంటే అక్కడ పనులు నడిపించే జేసీఎల్, ఫైళ్లు దాచే వీసామ్, లావాదేవీలు నడిపే సీఐసీఎస్ విడిగా నేర్చుకోవాలి.

చేరేముందు కంపెనీని ఒక్క మాట సూటిగా అడగమనండి: మొదటి ఆరు నెలల్లో హ్యాండ్లర్ కోడ్ తనే రాస్తాడా, లేక పాత రిపోర్టుల్లో శీర్షికలు మార్చే పనికి కూర్చోబెడతారా? మొదటిదైతే రెండేళ్ల షరతుకు నేను అభ్యంతరం చెప్పను, కానీ మధ్యలో మానితే ఎంత కట్టాలో ఆఫర్ లెటర్‌లో చదివాకే సంతకం పెట్టాలి. రెండోదైతే ఆ షరతుకు ఒప్పుకోవద్దు. ఈలోగా తన ల్యాప్‌టాప్‌లో గ్నూకోబాల్ పెట్టుకుని, మీ కొట్టు టిక్కీల లెక్కను ఒక కోబాల్ ప్రోగ్రాముగా రాసి, దాని రీడ్‌ను సీలో రాసిన చిన్న హ్యాండ్లర్‌కు మళ్లించి చూడమనండి. ఆ పని వాడికి విసుగు పుట్టిస్తే ఉద్యోగం సంగతి మళ్లీ ఆలోచించవచ్చు.