రెడ్‌టెయిల్ కొంటానన్న అల్లుడికి

విజయనగరం

చి॥ అల్లుడికి మావయ్య దీవెనలు.

విశాఖలో షాపులో రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్లని చూసొచ్చావనీ, వచ్చే వారం తెచ్చి మేడ మీద గదిలో పెడతానన్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పెంచొద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. వచ్చే వారం వద్దు, మేడ మీద వద్దు, అంతే. ఈ చేపకి ముందు చోటు, తర్వాత నీళ్ళు, ఆఖరున చేప. అందరూ తిరగేసి చేస్తారు, అందుకే ఏడాది తిరిగేసరికి "ఎవరైనా తీసుకుంటారా" అని వెతుక్కుంటారు.

షాపులో నువ్వు చూసింది మూడంగుళాల పిల్ల. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్రతోక, మూడు జతల మీసాలు, చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. అమెజాన్, ఒరినోకో నదుల చేప అది. తిండి సరిగా పడితే ఆరు నెలల్లో అడుగుకి వస్తుంది, రెండేళ్ళు దాటేసరికి రెండడుగులు. తొట్టిలోనే మూడు, నాలుగడుగుల దాకా పోతుంది. బతికితే 15, 20 ఏళ్ళు బతుకుతుంది. అప్పటికి నీకు పెళ్ళయి, పిల్లలు బడికి పోతుంటారు. "తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతుందండీ" అని షాపువాడు అంటాడు. నమ్మకు. ఇరుకు తొట్టిలో చేప పెరుగుదల తగ్గేది నీళ్ళు పాడవడం వల్ల, కదలడానికి చోటు లేకపోవడం వల్ల. వెన్ను వంకర పోతుంది, మూతి గాజుకి రాసుకుని పుండు పడుతుంది, ఆనక చచ్చిపోతుంది. చిన్నగా, హాయిగా బతకడం అనేది ఉండదు.

ఇప్పుడు బరువు లెక్క చూడు. ఒక ఘనపుటడుగు నీళ్ళు 28 కిలోలు పైనే. 6 అడుగుల పొడవు, 2 వెడల్పు, 2 ఎత్తు గాజు తొట్టిలో 680 లీటర్లు పడతాయి. 12 ఎంఎం గాజు, ఇనుప స్టాండు కలిపితే దగ్గర దగ్గర 900 కిలోలు, అదీ 12 చదరపుటడుగుల జాగాలో. అంటే చదరపుటడుగుకి 75 కిలోలు. మన ఇళ్ళ శ్లాబు మీద మనుషులు, సామాన్లు కలిపి చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. అది చదరపుటడుగుకి 19 కిలోల లోపే. గది మొత్తం మీద సగటు లెక్క అది, నిజమే. గోడవార, బీము మీదుగా పెడితే కొంత ఆగుతుంది కూడా. కానీ ఇంజినీరు చూడకుండా ఆ పని చెయ్యకు. పైగా ఆ 680 లీటర్లు ఈ చేపకి ఏడాదికి, మహా అయితే ఏడాదిన్నరకి సరి. ఆ తర్వాత గాజు మాట మర్చిపో, పెరట్లో నేల మీద సిమెంటు తొట్టే.

కాబట్టి రెండే తొట్లు అనుకో. మొదటిది 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, 250 లీటర్లు. చేప అడుగు అయ్యే లోపల దీన్లోంచి తీసెయ్యాలి. రెండోది పెరట్లో 12 అడుగులు పొడవు, 8 వెడల్పు, 3 అడుగుల లోతు నీళ్ళు, పైన మరో అడుగు గోడ. అందులో 8,000 లీటర్లు పడతాయి. మధ్యలో ఆరడుగుల గాజు తొట్టి కొనడం డబ్బు దండగ. ఆ డబ్బు సిమెంటు తొట్టిలో పెట్టు. వెడల్పు 8 ఎందుకంటే, నాలుగడుగుల చేప వెనక్కి తిరగాలంటే ఒళ్ళు వంచుకోకుండా తిరగగలగాలి. పొడవు కన్నా వెడల్పు దగ్గరే జనం కక్కుర్తి పడతారు.

సిమెంటు తొట్టి ఒట్టి ఇటుక గోడతో కట్టించకు. మూడడుగుల నీటి ఒత్తిడికి మూలల దగ్గర బీట తీస్తుంది. అడుగూ గోడలూ ఊచ వేసి కాంక్రీటుతో పోయించు. లోపలి మూలలు గుండ్రంగా తీయమని మేస్త్రికి చెప్పు. అడుగు ఒక పక్కకి వాలు పెట్టించి, ఆ పల్లంలో 2 అంగుళాల డ్రైన్ పైపు పెట్టించు. రెట్టంతా అక్కడికే చేరుతుంది. ఆ పైపు నోటికి జాలీ తప్పనిసరి. కొత్త సిమెంటులోంచి సున్నం ఊరి నీటి పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత, 7 అయితే మధ్యస్థం) 10 దాటిపోతుంది, అలాంటి నీళ్ళలో చేప పూట కూడా ఆగదు. మూడు వారాల పాటు నింపడం, నాలుగైదు రోజులుంచి వదిలెయ్యడం, మళ్ళీ నింపడం. పీహెచ్ 8కి దిగి అక్కడే నిలబడ్డాక గాని పని కాలేదు. ఎపాక్సీ పూత రెండు చేతులు వేయిస్తే ఈ బాధ తగ్గుతుంది, కానీ అది పూర్తిగా ఆరాకే నీళ్ళు పట్టు.

ఫిల్టరు మాట. చిన్న తొట్టికి గంటకి 1,200, 1,500 లీటర్లు తోడే క్యానిస్టర్ (తొట్టి బయట పెట్టే డబ్బా ఫిల్టరు) ఒకటి, పక్కన ఒక స్పాంజి ఫిల్టరు చాలు. పెద్ద తొట్టికి 200 లీటర్ల నీలం డ్రమ్ములు మూడు వరసగా పెట్టు. మొదటి దాన్లో చెత్త దిగడానికి ఖాళీ, రెండో దాన్లో స్పాంజి దిండ్లు, మూడో దాన్లో గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు కుక్కి కింద ఎయిర్ స్టోను (పంపు గాలిని సన్న బుడగలుగా వదిలే రాయి). గంటకి 8,000 లీటర్ల మోటారు, 80 వాట్లది అనుకుంటే నెలకి 58 యూనిట్లు కాలుతుంది. రాత్రింబవళ్ళు ఆడాల్సిందే. కరెంటు బిల్లు చూసి రాత్రి ఆపేద్దామనుకుంటే, నీళ్ళని శుభ్రం చేసే బ్యాక్టీరియాకి గాలి అందక చస్తుంది. ఈ తడి వ్యవహారం మొత్తానికి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, పెట్టించు. మోటారు కారి నీళ్ళలో కరెంటు వచ్చిందంటే ముందు చెయ్యి పెట్టేది నువ్వే కదా.

చేప రాక ముందే నీళ్ళు కుదురుకోవాలి. రెట్టలోంచి అమ్మోనియా వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైటు చేస్తుంది, మరో రకం నైట్రైటుని నైట్రేటు చేస్తుంది. మొదటి రెండూ విషం. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్లో గూడు కట్టుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. 250 లీటర్ల తొట్టిలో గ్రామున్నర అమ్మోనియం క్లోరైడ్ వెయ్యి, అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) దగ్గరికి వస్తుంది. అది సున్నాకి దిగినప్పుడల్లా మళ్ళీ అంతే వెయ్యి. వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించిన రోజున తొట్టి తయారైనట్టు. సగానికి పైగా నీళ్ళు మార్చి అప్పుడు చేప తెచ్చుకో. టెస్ట్ కిట్లు రొయ్యల చెరువుల వాళ్ళకి మందులమ్మే షాపుల్లో దొరుకుతాయి. మంచినీటికి పనికొచ్చే కిట్టేనా అని అడిగి తీసుకో.

మీ బోరు నీటి పీహెచ్ ఒకసారి చూడు. 8 ఉంటే అమ్మోనియాలో విషమయ్యే భాగం పీహెచ్ 7 దగ్గర ఉండే దానికి దాదాపు పదింతలు. అంచేత "పావు పీపీఎమే కదా" అని ఊరుకోడానికి లేదు. బోరు నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ, నేరుగా వదలకుండా ఎత్తు నుంచి జల్లెడ లాంటి షవరు మీదుగా పడనివ్వు. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ముల్లో ఎయిర్ స్టోను వేసి ఒక రోజు ఉంచు, లేదా 100 లీటర్లకి ఒక గ్రాము సోడియం థయోసల్ఫేట్ కలుపు. చిన్న తొట్టికి వారానికి సగం నీళ్ళు, పెద్దదానికి వారానికి పాతిక శాతం, అంటే 2,000 లీటర్లు మార్చాలి. నైట్రేటు 40 పీపీఎం దాటకపోతే ఆ లెక్క సరిపోయినట్టే. తీసిన నీళ్ళు కాలవలోకి పోనివ్వకు. కొబ్బరికీ అరటికీ అంత మంచి ఎరువు నీళ్ళు కొనాలన్నా దొరకవు. మందు వేసిన నీళ్ళు మాత్రం చెట్లకి పొయ్యకు.

తొట్టి అడుగున గులకరాళ్ళు వెయ్యకు. ఈ చేప నోరు తలంత వెడల్పు, తిండితో పాటు రాయిని కూడా మింగేస్తుంది, పేగు అడ్డుపడి చస్తుంది. రబ్బరు కప్పులు, థర్మామీటరు, ఎయిర్ స్టోను, ఏది నోట్లో పడితే అది. ఉత్త అడుగు మంచిది. మరీ బోసిగా ఉందనుకుంటే కడిగిన ఏటి ఇసుక అంగుళం. హీటరు లోపల పెడితే తోకతో కొట్టి పగలగొడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్ళు 20 డిగ్రీల కిందికి దిగుతుంటే హీటరు డ్రమ్ములో పెట్టు. మనకి అసలు ఇబ్బంది మే నెల. దీనికి 22 నుంచి 28 డిగ్రీలు హాయి. 32 దాటితే నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి, పైకి వచ్చి గాలి మింగుతుంది. పెరటి తొట్టి మీద ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టి, గాలి పంపు ఇంకోటి పెట్టు. మూత గట్టిగా ఉండాలి, రాత్రిపూట ఎగురుతుంది.

తిండి దగ్గర ప్రేమ పనికిరాదు. మీసాలాడిస్తూ గాజు దగ్గరికి వస్తుంది, ఆకలేమో అనిపిస్తుంది. దానికి ఎప్పుడూ ఆకలే. ఆరంగుళాల దాకా రోజూ ఒకసారి, అడుగు దాకా రోజు మార్చి రోజు, రెండడుగులు దాటాక వారానికి ఒకటి రెండుసార్లు. పొట్ట కాస్త గుండ్రమైతే ఆపు. ఫుట్‌బాల్ లాగా ఉబ్బిందంటే ఎక్కువైనట్టే. అలా ఉబ్బాక బెదిరితే తిన్నదంతా కక్కేస్తుంది, గంటలో నీళ్ళు పాలవుతాయి. మునిగే పెల్లెట్లు (చేపల మేత గుళికలు) అలవాటు చెయ్యి. దాంతో పాటు తొక్కతో రొయ్యలు, ముల్లు తీసిన తిలాపియా ముక్కలు, వానపాములు మార్చి మార్చి పెట్టు. కవళ్ళు (సార్డిన్ చేపలు) ఒక్కటే రోజూ పెడితే అందులోని ఒక ఎంజైము బీ1 విటమినును తినేస్తుంది, చేప ఒళ్ళు అదుపు తప్పి తిరుగుతుంది. కోడి మాంసం, లివరు వద్దు. ఆ కొవ్వు దీనికి అరగక కాలేయంలో పేరుకుంటుంది. షాపులో బతికున్న గోల్డ్‌ఫిష్ తెచ్చి వేసి వీడియో తీసే సరదా అసలు వద్దు, సగం రోగాలు వాటితోనే వస్తాయి.

తోడు చేప గురించి అడుగుతావు. దాని ఒంట్లో సగం, ఇంకా పైన ఉన్న చేపని కూడా మింగడానికి చూస్తుంది. అద్దాలకి పాచి తినే ప్లెకో మరీ ప్రమాదం. దాని ముళ్ళు గొంతులో విచ్చుకుంటే రెండూ చస్తాయి. ఒంటరిగా ఉంచు.

జబ్బు చేస్తే అక్వా షాపువాడు చెరువు లెక్కలో మైలుతుత్తం, ఫార్మలిన్ ఇస్తాడు. వద్దను. దీనికి పొలుసులు లేవు, చర్మం నేరుగా పీల్చేస్తుంది. అక్వేరియం మందులు కూడా సగం మోతాదే. తెల్లచుక్కలు కనిపిస్తే నీళ్ళు రోజుకి డిగ్రీ చొప్పున 30కి పెంచి, లీటరుకి గ్రాము రాళ్ళుప్పు విడతలుగా కలిపి, గాలి పెంచు. మీసాలు కురచబడుతున్నా, చివర్లు తెల్లబడుతున్నా మందు వెతక్కముందు అమ్మోనియా చూడు. పట్టుకోవాల్సి వస్తే వలతో వద్దు. రొమ్ము రెక్కల ముళ్ళు వలలో చిక్కుకుని విరుగుతాయి, నీ చెయ్యీ చీరుకుంటుంది. టబ్బు ముంచి అందులోకి తోలు.

ఇక తుపాను. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాక పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. మన జిల్లాల్లో ఈ చేప పెంచేవాడు దానికి సిద్ధంగా ఉండాల్సిందే. హెచ్చరిక రాగానే తిండి ఆపెయ్. పెద్ద చేప వారం, పది రోజులు తినకపోయినా ఏం కాదు, తిన్న చేప రెట్టే చంపుతుంది. కరెంటు ఉండగానే సగం నీళ్ళు మార్చు, డ్రమ్ములన్నీ నింపు, షేడ్ నెట్ విప్పి మూతకి తాళ్ళు కట్టు. 150 ఏహెచ్ ఇన్వర్టరు బ్యాటరీ మీద ఫ్యాన్లు, లైట్లు తీసేస్తే 40 వాట్ల గాలి పంపు ఒక పగలూ రాత్రీ నడుస్తుంది. అదీ అయిపోతే చెంబుతో ఎత్తు నుంచి నీళ్ళు పొయ్యడమే, గంటకోసారి పది నిమిషాలు. ఒక్కటి మర్చిపోకు. కరెంటు వచ్చిందని ఫిల్టరు వెంటనే వెయ్యకు. గంటల తరబడి ఆగిన క్యానిస్టర్లో, డ్రముల్లో నీళ్ళు కుళ్ళి ఉంటాయి. ఆ నీళ్ళు పారబోసి, స్పాంజిని తొట్టి నీళ్ళతోనే కడిగి, అప్పుడు స్విచ్ వెయ్యి. తుపానులో బతికిన చేపలు ఇక్కడ చస్తాయి.

భరించలేకపోతే నాగావళిలోనో, ఊరి చెరువులోనో వదిలేద్దామన్న ఆలోచన రానివ్వకు. అక్కడి జెల్లలకీ కొర్రమీనులకీ అది మృత్యువు. తీసుకునేవాళ్ళు దొరికే దాకా నీదే బాధ్యత.

ఇంత జాగా లేదంటే సిగ్గుపడాల్సిందేం లేదు. పిక్టస్ క్యాట్‌ఫిష్ ఐదంగుళాలు దాటదు, పై 4 అడుగుల తొట్టిలో నాలుగు పిక్టస్‌లు జన్మంతా ఉంటాయి, మీసాలు ఇంకా పొడవు. రెడ్‌టెయిలే కావాలంటే నాలుగంగుళాలు దాటిన పిల్లని, నీ కళ్ళ ముందు పెల్లెట్ తిన్నదాన్ని, మీసాలు పూర్తిగా ఉన్నదాన్ని తీసుకో. తెచ్చే ముందు రోజు పస్తు పెట్టమను. ముళ్ళు గుచ్చుకుంటాయి కాబట్టి రెండు కవర్లు, ఆక్సిజన్ పట్టించి. ఇంటికొచ్చాక కవరు 20 నిమిషాలు తొట్టిలో తేల్చి, అరగంట పాటు కొంచెం కొంచెంగా నీళ్ళు కలిపి, చేపని మాత్రమే వదులు. కవరు నీళ్ళు బయట పారబొయ్యి.

ఇప్పుడు బేగి చెయ్యాల్సింది, పెరట్లో ఖాళీ జాగా కొలతలూ, బోరు నీటి పీహెచ్, మీ ఇన్వర్టరు ఎంతదో రాసి పంపు. నూతి పక్క జాగా అయితే డ్రైన్ ఎటు పోతుందో కూడా చూడు. అప్పటిదాకా షాపువాడికి బయానా ఇవ్వకు.

మీ అమ్మకి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మావయ్య